గని యొకరిది, అంగడి వేఱొకరిది: న్యూ కాలెడోనియా స్వరాజ్య సమస్య

ఒక గ్రంథాలయ వార్షిక సభలో చేసిన యుపన్యాస పాఠము

 

నేడు నేను తమ ముందుంచదలచిన విషయము మన కనుచూపునకు మిగుల దూరమైనది. పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు తూర్పుగా వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున, న్యూ కాలెడోనియా యను దీవుల గుంపు కలదు. దాని వైశాల్యము సుమారు 18,500 చదరపు కిలోమీటర్లు. 2019వ సంవత్సరపు గణనము ననుసరించి జనసంఖ్య 2,71,407. మనలో ఒక నడితరపు పట్టణమునకు సరిపోవు జనము. అంతటి చిన్న భూమినిగూర్చి ఇంతటి సభలో ప్రసంగింపనేల యని తమరడుగవచ్చును. దానికి రెండు సమాధానములు చెప్పెదను.

మొదటిది, ఆ దీవులకును మన గోదావరీ తీరమునకును ఒక విస్మృత బంధుత్వము కలదు. ఈ సభాస్థలికి యానాము దూరము కాదు. 1946లో ఫ్రెంచివారు తమ వలసలకు పేరు మార్చి ‘సముద్రాంతర ప్రాంతము’లని నామకరణము చేసినప్పుడు యానాముతో గూడిన ఫ్రెంచి ఇండియాయు, న్యూ కాలెడోనియాయు ఒకే పట్టికలో ఒకే పేరుతో నిలిచినవి. యానాము 1954 జూను 13న తన సంకెల త్రెంచుకొన్నది. ఆ సంవత్సరము నవంబరు 1న పరిపాలనము భారతదేశమునకు వచ్చినది. 1962 ఆగస్టు 16న న్యాయరీత్యా విలీనము పూర్తియైనది. తోడబుట్టినదానివంటి ఆ దూరపు దీవి మాత్రము నేటికిని ఆ యింటనే యున్నది.

రెండవది, ఆ చిన్న భూమి మన ముందొక పెద్ద ప్రశ్న నుంచుచున్నది. ధనము లేని దేశమునకు స్వరాజ్యమెట్లని కొందఱందురు. ధనమున్న దేశమునకు స్వరాజ్యమేల రాలేదని ఈ దీవి మనల నడుగుచున్నది. దాని కొండలలో ప్రపంచమంతయు కోరు లోహము కలదు. ఆ లోహమే దానికి బలమును, బంధనమును అయినది. ఈ చిక్కును విప్పి చూపుటయే నా ప్రయత్నము.

ముందుగా పూర్వకథ. 1774లో ఆంగ్ల నావికుడు కుక్కు ఆ దీవిని చూచి, స్కాట్లండు పూర్వనామము ననుసరించి దానికీ పేరు పెట్టెను. అచట అనాదిగా కనాకు జాతివారు కంద, చేమ దుంపలు పండించుకొనుచు, తెగల కట్టుబాట్లతో జీవించుచుండిరి. 1853 సెప్టెంబరు 24న మూడవ నెపోలియను ప్రభుత్వము ఆ భూమిని తనదిగా ప్రకటించెను. 1864 మొదలు 1897 వఱకు ఇరువది వేలకు పైగా ఖైదీలను ఓడల నెక్కించి అచటికి పంపిరి. 1871 నాటి పారిసు కమ్యూను తిరుగుబాటుదారులును వేలకొలదిగా అందు చేరిరి. స్వేచ్ఛకొఱకు పోరాడినవారిని శిక్షించుటకు మఱొక జాతి స్వేచ్ఛను హరించిన భూమి చెఱసాల యైనది! చరిత్రయందలి విపరీతము లిట్టివి.

ఖైదీల వెనుక రైతులు, రైతుల వెనుక పశువులు వచ్చినవి. తెల్లవారి పశువులు కనాకుల దుంపతోటలను త్రొక్కివేయుచుండెను. కంచె వేసికొనవలసినది తోటయజమానియే యని దొరతనమువారి తీర్పు. అతాయి యను నాయకుడు గవర్నరు నెదుట ఒక సంచి నిండ మన్నును, మఱొక సంచి నిండ రాళ్లను క్రుమ్మరించి, మొదటిది తమకున్నదనియు, రెండవది వారు తమకు మిగిల్చినదనియు చూపెనని చెప్పుదురు. 1878లో తిరుగుబాటు లేచినది. సుమారు ఇన్నూరు మంది ఐరోపీయులును, వేయిమందికి పైగా కనాకులును మరణించిరి. అతాయి శిరస్సును పారిసునకు గొనిపోయిరి. అది తిరిగి స్వజనుల చేతికి వచ్చినది 2014లో! 1887 మొదలు 1946 వఱకు కనాకులు ప్రత్యేకమగు స్థానికుల శాసనము క్రింద, కేటాయించిన రిజర్వులలో బంధితులై యుండిరి. 1921 నాటికి వారి సంఖ్య దాదాపు 27 వేలకు క్షీణించినది.

ఇక లోహము కథ. 1864లో జూల్సు గార్నియే యను ఇంజనీరు ఆ కొండలలో పచ్చని నికెలు ఖనిజమును గుర్తించెను. 1880లో ‘లె నికెలు’ కంపెనీ ఏర్పడినది. 1910లో నుమేయా రేవు ప్రక్కన దోనియాంబోలో కొలిమి వెలసినది. గనులలో త్రవ్వుటకు జావానుండి, టాంకినునుండి, జపానునుండి ఒడంబడిక కూలీలను తెచ్చిరి. అంతకు ముందే రీయూనియను దీవినుండి వచ్చిన చెఱకుతోటల దొరలవెంట భారతీయ కూలీలును కొందఱు అచటికి చేరిరి. వారిని ‘మలబారు’లని పిలిచెడివారు. కావున ఆ ఎఱ్ఱమట్టిలో మనవారి చెమటయు కొంత యింకినది.

నికెలు తుప్పుపట్టని ఉక్కునకు ప్రాణము. నేడు విద్యుత్తుబండ్ల బ్యాటరీలకును కావలసిన వస్తువు. 1969 మొదలు 1972 వఱకు దాని ధర విజృంభించినది. అప్పుడు ఫ్రాన్సునుండి వేలాది జనులు ఉద్యోగములకై తరలివచ్చిరి. ఈ రాక కేవలము వ్యాపార ప్రవాహము కాదు. 1972 జూలైలో ఫ్రెంచి ప్రధానమంత్రి పియరు మెస్మేరు తన సహాయమంత్రికి వ్రాసిన లేఖయందు, స్థానికుల జాతీయవాదమును అడ్డగింపవలెనన్న ఫ్రెంచి పౌరులను పెద్దసంఖ్యలో అచట స్థిరపఱచుటయే మార్గమని సూచించెను. ఈ లేఖను తమరు జ్ఞాపకముంచుకొనవలెను. నేటి ఓటరు పట్టిక కలహమునకు బీజమచ్చటనే యున్నది.

ఆ లేఖకు మూడు సంవత్సరములు ముందుగా, 1969లో, మఱొక శాసనము వచ్చినది. ముఖ్యమగు గనులపై నిర్ణయాధికారము దీవినుండి పారిసునకు పోయెను. 1956 నాటి చట్టమువలన లభించిన కొలదిపాటి స్వపరిపాలన అంతకు ముందే, 1963లో, కుదింపబడినది. ధర పెరుగుచున్న వేళ తాళపుచెవి చేతులు మాఱినది. తల్లిదేశము బిడ్డకు స్వాతంత్ర్యమునకు తగిన వయసు రాలేదని చెప్పుచు, బిడ్డ నగలపెట్టెను మాత్రము తన గదిలో దాచుకొన్నట్లున్నది.

జాన్ మారీ చిబావు అను నాయకుడు 1975లో కనాకు సంస్కృతి మహోత్సవమును జరిపి తన జాతికి ఆత్మగౌరవమును మేల్కొలిపెను. 1983లో ఫ్రాన్సున నైన్విల్ సమావేశమున కనాకుల స్వాతంత్ర్యపు హక్కు గుర్తింపబడగా, తమవలెనే చరిత్రచేత బాధితులై అచటికి చేరిన ఇతర జాతులను ఆ నిర్ణయమున భాగస్వాములనుగా జేర్చుకొనుటకు కనాకులంగీకరించిరి. ఎంతటి ఔదార్యము! అయినను మాటలు కార్యరూపము దాల్పలేదు. 1984లో స్వాతంత్ర్య పక్షములన్నియు ఒక సమాఖ్యగా ఏర్పడి ఎన్నికలను బహిష్కరించినవి. ఆ డిసెంబరులో ఇయెంగేను చెంత పదిమంది కనాకులను పొంచియుండి చంపిరి. వారిలో ఇద్దఱు చిబావు సోదరులు. హంతకులు నిర్దోషులని విడుదలైరి. 1986 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఈ దీవిని స్వపరిపాలన లేని ప్రాంతముల పట్టికలో తిరిగి చేర్చినది. 1988లో ఉవేయా దీవి గుహవద్ద 19 మంది కనాకులును, ఇద్దఱు సైనికులును మరణించిరి.

ఆ రక్తపాతము చల్లాఱకముందే, 1988 జూను 26న, మాతిన్యోను భవనమున చిబావును, తెల్లవారి నాయకుడు లాఫ్లేరును చేతులు కలిపిరి. దీవులను మూడు రాష్ట్రములుగా విభజించి, రెండింట కనాకులకు పరిపాలన నొసగిరి. పదునొకండు నెలలైన నిండకమునుపే, 1989 మే 4న, రాజీని సహింపని స్వజనుని తుపాకికి చిబావు ఉవేయాలోనే బలియయ్యెను. శాంతిని కుదిర్చినవానికి శాంతిని చూచు భాగ్యము తఱుచుగా నుండదు.

ఇచటనుండి నా ప్రసంగమున ముఖ్యభాగము మొదలగుచున్నది. రాజ్యాధికారము రావలెనన్న ముందు ఆర్థికాధికారము రావలెనని ఉత్తర రాష్ట్రపు కనాకు నాయకులు నిశ్చయించిరి. 1990లో వారు లాఫ్లేరు వద్దనుండి ఒక గని కంపెనీని కొనిరి. కొలది యేండ్లలోనే అది దీవినుండి ఖనిజమును ఎగుమతి చేయువారిలో అగ్రస్థానమున నిలిచెను. పిమ్మట, కొనియాంబో కొండ తమకీయనిదే స్వాతంత్ర్యముపై సంభాషణలకు రామని పట్టుబట్టిరి. 1998 ఫిబ్రవరిలో కొండ చేతికి వచ్చినది. అటుపిమ్మటనే, మే 5న, నుమేయా ఒడంబడిక జరిగెను. అందు అధికారములను క్రమక్రమముగా బదిలీ చేయుటయు, చివరకు ప్రజాభిప్రాయ సేకరణములు జరుపుటయు నిర్ణీతమాయెను. ముందు కొండ, తరువాత కాగితము: ఇట్టి వ్యవహారదక్షత జాతీయోద్యమములలో అరుదు.

కొనియాంబో కార్ఖానాలో నూటికి 51 వాటాలు ఉత్తర రాష్ట్రమువి, 49 విదేశ కంపెనీవి. 2013లో లోహము కరగ నారంభించెను. నుమేయా నగరమునకు దూరముగా, పూర్వము ఏమియు లేని తీరమున, రోడ్లు, ఇండ్లు, దుకాణములు, పాఠశాలలు వెలసినవి. కొరియాలో గ్వాంగ్‌యాంగు వద్ద 2008లో ప్రారంభమైన మఱొక కొలిమియందును అదే 51 వంతుల వాటా. గనిగల దీవి పరదేశపు కార్ఖానాకు సగమునకు మించిన యజమాని యగుట చిన్న సంగతి కాదు. ఖనిజమును రాయిగా నమ్మక లోహముగా నమ్మవలెను, లేదా లోహము చేయు కొలిమిలో వాటా యుండవలెను: ఇదియే వారి సిద్ధాంతము.

మఱి ఫలితమేమి? సోదరులారా, నేను ఒక పక్షమునకు వకాల్తా పట్టి వచ్చినవాడను కాను. చేదు సత్యమును దాచను. కొనియాంబో కార్ఖానా ఏటికి 60 వేల టన్నుల నికెలు తీయవలెనని కట్టిరి. ఏ సంవత్సరమునను ఆ మట్టము నందుకొనలేదు. కొలిమిలో లోపములు కలిగినవి. దిగుమతి చేసికొన్న బొగ్గుతోను నూనెతోను పుట్టించు విద్యుత్తు ప్రియమైనది. మూలధనములో అధికభాగము భాగస్వామి యిచ్చిన అప్పు. అంతలో ఇండోనీషియా 2020 జనవరినుండి ముడి ఖనిజపు ఎగుమతిని నిషేధించి, చీనా మూలధనముతో కొలుములు నిర్మించి, ప్రపంచపు నికెలులో సగమునకు పైగా తానే తీయసాగెను. 2022 మార్చిలో ఒక్క దినమున టన్ను లక్ష డాలరులను తాకిన ధర 2024 ఆరంభమునకు 16 వేల డాలరుల పరిసరములకు దిగినది. ఆ ఫిబ్రవరిలో గ్లెన్‌కోరు కంపెనీ తాను వైదొలగెదనని చెప్పెను. ఆగస్టు చివర సుమారు 1,200 మంది పనివారు ఇండ్లకు పోయిరి. కొలిమి చల్లాఱినది.

51 వాటాలున్నవి; కాని అప్పు ఒకరిది, యంత్రరహస్యము ఒకరిది, ధర నిర్ణయించు అంగడి మఱియొకరిది. వాటా యాజమాన్యమునకు గుర్తే గాని యాజమాన్యము కాదు. ఇండోనీషియా చేసినదియు కనాకు నాయకులు కోరినదియు ఒక్కటే, ముడి ఖనిజమును పంపకుండుట. మొదటివారికది సాధ్యమైనది, రెండవవారికి కాలేదు. ఏలన ఇండోనీషియాకు స్వతంత్ర శాసనము, విశాలమైన గని, చౌకయగు బొగ్గు, తానెన్నుకొన్న స్నేహితులు కలరు. మూడు లక్షలైన లేని జనముగల దీవికి వీనిలో ఒక్కటియు పూర్తిగా లేదు.

ఫ్రెంచివారి పక్షమున చెప్పదగినదియు కలదు. వారు ఏటేట నూఱు కోట్ల యూరోలకు మించి దీవికి పంపుచున్నారు. వైద్యశాలలు, పాఠశాలలు, వంతెనలు ఆ ధనముచే నిలుచుచున్నవి. ఇది నిజము. కాని ఆ ధనము పాఱు కాలువ యెటు పోవుచున్నదో చూడవలెను. నుమేయాలో ప్రభుత్వోద్యోగికి ఫ్రాన్సునందలి జీతముపై నూటికి 73 వంతులు అదనముగా నిత్తురు. ఆ జీతముతో ఫ్రాన్సునుండియు ఇతరత్రనుండియు దిగుమతియైన సరకు కొందురు. ధరలు పెరుగును. రిజర్వునందలి కనాకు యువకుడు ఆ ధరలనే చెల్లింపవలెను, ఆ జీతము మాత్రము వానికి లేదు. నాణెము పసిఫిక్ ఫ్రాంకు. దాని వెల యూరోకు మేకుతో కొట్టబడియున్నది. వేయి ఫ్రాంకులకు 8.38 యూరోలు. నాణెపు వెలను సవరించు అధికారము లేని దేశమునకు తన ఎగుమతులు ప్రియమైనవో చౌకయైనవో నిర్ణయించు శక్తి లేదు. దాత యిచ్చు దానము దీనుని నిలబెట్టుటకో, నిలువనీయకుండుటకో యని విచారింపకుండ లెక్కలు మాత్రము చదువుట న్యాయము కాదు.

ఇక ఓట్లమాట. 2018 నవంబరు 4న జరిగిన అభిప్రాయ సేకరణమున స్వాతంత్ర్యమునకు వ్యతిరేకముగా నూటికి 56.7, 2020 అక్టోబరు 4న 53.3 వంతులు వచ్చినవి. రెండేండ్లలో దూరము తగ్గినది. మూడవది 2021 డిసెంబరు 12న. అప్పటికి మహమ్మారిచే కనాకు పల్లెలలో మరణములు సంభవించి, వారి ఆచారము ననుసరించి శోకకాలము నడుచుచుండెను. వాయిదా వేయుడని వారు వేడిరి. పారిసు వినలేదు. వారు బహిష్కరించిరి. ఓటు వేసినవారు నూటికి 44 కంటె తక్కువ. వారిలో నూటికి 96 మందికి పైగా ‘కాదు’ అనిరి. సంఖ్య గెలిచినది, సమ్మతి ఓడినది. దుఃఖమునందున్నవాని యింటి తలుపు మూసియున్నప్పుడు పంచాయతీ తీర్చి తీర్పు ముగిసినదనుట మన పల్లెలలో పెద్దమనుష్యులెవ్వరును చేయని పని.

నుమేయా ఒడంబడిక ప్రకారము 1998 తరువాత వచ్చినవారికి రాష్ట్ర సభల ఎన్నికలలో ఓటు లేదు. కాలక్రమమున ఓటరులలో దాదాపు ఐదింట ఒకవంతు ఇట్లు వెలుపల నిలిచిరి. పదేండ్లు కాపురమున్నవారి కోటీయవలెనని 2024లో ఫ్రెంచి పార్లమెంటు సభలు రెండును తీర్మానించినవి. సామాన్య న్యాయమున నది సబబుగనే కనబడును. కాని మెస్మేరు లేఖను మఱచిపోనివారికి అది మఱొక విధముగా కనబడెను. 2019లో కనాకులు నూటికి 41 మంది. మఱికొందఱు కొత్తవారు పట్టికలో చేరిన తాము తమ భూమియందే శాశ్వతముగా అల్పసంఖ్యాకులగుదుమని వారి భయము. మే 13న మంటలు లేచినవి. పదునాలుగు మంది మరణించిరి. రెండు వందల కోట్ల యూరోలకు మించిన ఆస్తి దగ్ధమైనది. ఆ సవరణను ఫ్రెంచి ప్రభుత్వము పిదప విడిచిపెట్టెను. కాని కాలిన దుకాణములు, మూతబడిన కార్ఖానాలు, ఓడ నెక్కిన వైద్యులు తిరిగి రాలేదు. 2025 గణనమున జనసంఖ్య సుమారు 2,64,600కు తఱిగినది.

ఆ సంవత్సరము జూలై 12న బూజివాలు పట్టణమున మఱొక ఒప్పందము వ్రాసిరి. ఫ్రాన్సు గర్భముననే ‘కాలెడోనియా రాజ్యము’ నేర్పఱచి, దానికొక జాతీయత నొసగి, విదేశ వ్యవహారములలో కొంత చొరవ నిచ్చుట అందలి సారము. ఆగస్టులో స్వాతంత్ర్య సమాఖ్య దానిని తిరస్కరించెను. స్వాతంత్ర్య పక్షమునందే మఱికొందఱు దానిని సమర్థించిరి. ఇంట నొక్కమాట లేనిచో వాకిట రాయబారము సాగదు.

విదేశ సంబంధముల సంగతి రెండు మాటలలో చెప్పెదను. 1942లో అమెరికా సైన్యము దిగి నుమేయాను పసిఫిక్ యుద్ధమునకు ముఖ్యస్థావరముగా జేసికొన్నది. నేడును పెద్ద రాజ్యముల చూపు ఆ రేవుమీదనే. ఫ్రాన్సునకు పసిఫిక్ రాజ్యమని చెప్పుకొనుట కది ఆధారము. ఆస్ట్రేలియాకు అది పొరుగు. చీనాకు అది నికెలు. ఇందఱి నడుమ దీవి ప్రజలు సంపాదించుకొన్నవి కొన్ని గలవు. కనాకు సమాఖ్య మెలనీషియా దేశముల కూటమియందు సభ్యత్వము కలిగియున్నది. 2016లో న్యూ కాలెడోనియా ప్రభుత్వము పసిఫిక్ దీవుల సభయందు పూర్ణసభ్యత్వము పొందెను. 2024 అక్టోబరులో ఆ సభ ప్రధానమంత్రులు తామే నుమేయాకు వచ్చి ఉభయపక్షములవారిని విచారించిరి. పారిసునకును దీవికిని మాత్రమే సంబంధించిన ఇంటిగొడవ కాదని దీనివలన లోకమునకు తెల్లమైనది.

నా అభిప్రాయమును మనవి చేసి ముగించెదను. ఒక్క లోహముపై నిలిచిన స్వరాజ్యము ఒంటిస్తంభపు మేడ. నవూరు దీవి 1968లో స్వతంత్రమై, ఫాస్ఫేటు త్రవ్వినంతకాలము వెలిగి, అది తఱుగగనే పరుల చేతివైపు చూడవలసిన స్థితికి వచ్చినది. కాలెడోనియా నాయకులు ఆ పాఠము నేర్వవలెను. దుంపతోటలు, రొయ్యల చెఱువులు, 2014లో పదమూడు లక్షల చదరపు కిలోమీటర్లమేర రక్షితమని ప్రకటించిన పగడాల సముద్రము, వాననీటి విద్యుత్తు, ఎండవిద్యుత్తు: ఇవి నికెలువలె ధగధగలాడవు; కాని వీని ధరను లండను అంగడి ఒక్క దినమున కూల్చలేదు.

అట్లని దరిద్రము తీరినపిమ్మటనే స్వరాజ్యమనుట మోసపు మాట. తాళపుచెవి చేతిలో లేనివానిని ఇల్లు చక్కబెట్టుకొమ్మనుట అది. గనిపై శాసనము, పొరుగువారితో వాణిజ్యము చేసికొను స్వేచ్ఛ, ఎవరు ఆ దేశపు పౌరులో నిర్ణయించుకొను హక్కు: ఈ మూడును ఒకే గుత్తియందలి తాళపుచెవులు. ఒకటి యిచ్చి రెండు దాచినచో తలుపు తెఱవబడదు. అటులనే కనాకులును, 1983లో తమ పెద్దలు చూపిన ఔదార్యమును విడువరాదు. ఖైదీల మనుమలు, జావా కూలీల మనుమలు, వాలిసు దీవులనుండి వచ్చిన పనివారు, వీరికి వేఱొక ఊరు లేదు. వారిని వెలివేసి కట్టిన ఇంట శాంతి యుండదు.

అతాయి పోసిన రెండు సంచులను మఱల జ్ఞప్తికి తెచ్చుకొందము. నేడు ఆ రాళ్లలోనే నికెలు ఉన్నది. లోకమంతయు వాని వెల నడుగుచున్నది. కాని అతాయి చూపిన మొదటి సంచి మన్నుది. మన్ను దక్కక రాళ్ల వెల యెంత పెరిగినను ఆ జాతికి ఋణము తీరదు. మన ప్రక్కనున్న యానాము ఒక్క దశాబ్దములోపల తన దారి చూచుకొన్నది. దాని వెనుక ఒక మహాదేశము నిలిచియుండెను. ఆ దీవి వెనుక సముద్రము తప్ప మఱేమియు లేదు. కావుననే దాని మొఱను వినవలసినవారిలో మనమును ఉన్నామని నా మనవి.